వేలెడు ఎక్కువ

కుట్టు మాస్టారి భార్యను వీధిలో అందరూ కాజాలక్క అంటారు. పెళ్ళయిన కొత్తలో చొక్కాలకు కాజాలు కుట్టడంతో కొట్లో అడుగుపెట్టింది కాబట్టి ఆ పేరు పడింది. ఇప్పుడు కొలతలు తీసేదీ ఆవిడే, బట్ట ఎంత కావాలో చెప్పేదీ ఆవిడే, ఇచ్చిన రోజుకు కుట్టలేదని అరిచే వాళ్ళకు సమాధానం చెప్పేదీ ఆవిడే. పేరు మాత్రం కాజాల దగ్గరే ఆగిపోయింది. మనిషి గుమ్మం దాటి లోపలికి వస్తుండగానే నడుమెంతో భుజమెంతో చెప్పేస్తుంది. తర్వాత టేపు పెట్టి చూస్తే అర అంగుళం తేడా ఉండదు. ఈ సంగతి ఆవిడే పదిమందికీ చెప్పుకుంటుంది, అందులో మొహమాటమేమీ లేదు.

ఆ కొట్లో ఒక అలవాటుంది. మాస్టారి తండ్రి కాలం నుంచీ ఉంది. కొలత ఎంతొచ్చినా పుస్తకంలో ఎక్కించేటప్పుడు వేలెడు కలిపి రాయాలి. ఆ వేలెడు బట్ట లోపల మడతలోకి పోతుంది. రేపు మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. కోసేశాక చాల్లేదంటే మాత్రం ఎవడేం చేస్తాడు? ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని కావడంతో ఆ వేలెడు ఆవిడ నోట్లోకి కూడా ఎక్కేసింది. అరగంట పనిని గంట అంటుంది. ఇద్దరికి వండమంటే ముగ్గురికి వండుతుంది. ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఆ వేలెడే ఆవిడ మొగుణ్ణి దాదాపు మింగేసింది.

మాస్టారికి కొట్లోనే విరిగిన సూది ముక్క మడమలో దిగింది. చెబితే ఆస్పత్రికి పదమంటుందని ఆయన చెప్పలేదు. ఆ మొండితనానికి విరుగుడు లేదు. నాలుగోరోజుకు కాలు మోకాలి దాకా పొంగి, ఒళ్ళు కాలిపోతూ, ఎదురుగా ఉన్న పెళ్ళాన్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు, చొక్కా ఇంకా అవలేదు" అన్నాడు. అప్పుడు పక్క కొట్టువాళ్ళను కేకేసింది కాజాలక్క. వాళ్ళు సాయం పట్టి బండెక్కించారు.

ఆస్పత్రిలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే సిస్టరు గబగబా కాగితం నింపసాగింది.

"బరువెంతమ్మా?"

మాస్టారు నిలబడే స్థితిలో లేడు. తూచే ఓపిక ఎవరికీ లేదు. అరవై దాటడని కాజాలక్కకు లోపల తెలుసు. కానీ మనిషి బరువును బట్టి మందు ఇస్తారని ఎక్కడో విని ఉంది. తక్కువ చెబితే మందు తక్కువ పడుతుంది, మందు తక్కువైతే రోగం లొంగదు. ఎక్కువైతే ఏముంది, లోపలే ఉంటుంది.

"డెబ్బై" అంది.

"ఇంట్లో ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఒక్క బిళ్ళ అలవాటు లేదమ్మా మా ఆయనకి."

అది అబద్ధమని ఆవిడకు ఆ క్షణాన తట్టనే లేదు. ముప్ఫై ఏళ్ళు మిషను మీద వంగి కుట్టిన నడుము అది. రోజుకు రెండు నొప్పి బిళ్ళలు పడందే నిటారుగా నిలబడదు. మందుల కొట్లో అడిగి తెచ్చుకుని, షీటును కత్తెరతో కోసి బిళ్ళలు బయటికి తీసి, తెల్ల గుండీల డబ్బాలో పోసుకునేవాళ్ళు. మిషనుకు నూనె ఎలాగో ఆయనకు ఆ బిళ్ళ అలాగ. దాన్ని మందని ఎవరనుకుంటారు?

లోపల చేర్చుకున్నారు. రోజుకొకసారి పొద్దున పదింటికి ఒక పెద్ద ఇంజెక్షను మొదలుపెట్టారు. రెండోరోజుకే జ్వరం దిగడం మొదలైంది, మనిషి మనిషిని గుర్తుపట్టాడు. గుర్తుపట్టగానే చేసిన మొదటి పని సణగడం. "ఏమే, ఈ మంచం మీద నా నడుం విరిగిపోతోంది. ఆ డబ్బా తెచ్చావా?" తెచ్చింది. తేకుండా ఉంటుందా? చేతిసంచీలో టేపూ, దారపుండా, కొలతల పుస్తకం, వాటితో పాటు గుండీల డబ్బా. సిస్టర్లను ఎందుకు ఇబ్బంది పెట్టడమని ఆవిడే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి నోట్లో వేసి నీళ్ళు తాగించింది. ప్రేమతోనే వేసింది.

ఆ వార్డులోకి రోజూ పొద్దున ఒక బక్కపల్చని అమ్మాయి వచ్చేది. తెల్లకోటు, కుడి జేబు మూల చిరిగి ఉంది. అందులో చిన్న లెక్కలమిషను. అది జారిపోకుండా జేబును అరచేత్తో ఒత్తిపట్టుకుని నడిచేది. ప్రతి మంచం దగ్గరా ఆగి కాగితాలు తిప్పేది, మిషను నొక్కేది, ఏదో రాసుకుని వెళ్ళిపోయేది. కాజాలక్కకు ఒళ్ళు మండేది. ఈ పిల్ల ఇంజెక్షను చెయ్యదు, కట్టు కట్టదు, కనీసం థర్మామీటరైనా పెట్టదు, దీనికి జీతమెందుకని పక్క మంచం ఆవిడతో అంది కూడా. ఆస్పత్రి ఫార్మసిస్టు అంది పక్క మంచం ఆవిడ. అంటే మందులు అమ్మే పిల్ల కాబోలనుకుంది కాజాలక్క.

నాలుగోరోజు పొద్దున ఆ అమ్మాయి మాస్టారి మంచం దగ్గర ఎక్కువసేపు ఆగింది. కాగితం చూసింది, మాస్టారిని చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"పిన్నిగారూ, బాబాయిగారి బరువు ఎవరు చెప్పారు?"

"నేనే."

"తూచారా?"

"నా కంటికి తూకమెందుకమ్మా? మనిషి నడిచొస్తుంటేనే కొలత చెప్పేస్తాను. వీధిలో ఎవర్నైనా అడుగు."

"అవునా? అయితే బాబాయిగారి నడుమెంత?"

"ఇరవై తొమ్మిదిన్నర" అంది కాజాలక్క, తడుముకోకుండా.

ఆ అమ్మాయి మెల్లగా అంది, "ఇరవై తొమ్మిదిన్నర నడుమున్న ఈ ఎత్తు మనిషి డెబ్బై కిలోలు ఎలా ఉంటారు? మీరే చెప్పండి."

ముప్ఫై ఏళ్ళలో కొలత విషయంలో కాజాలక్క దొరికిపోవడం అదే మొదలు.

చక్రాల కుర్చీకే తూకం అమర్చిన యంత్రం ఒకటి తోసుకొచ్చారు. మాస్టారిని లేపి కూర్చోబెట్టారు. యాభై మూడు.

ఈలోగా పది కావస్తోంది. సిస్టరు ఇంజెక్షను తయారుచేసుకుని వచ్చేసింది. ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్క నిమిషం సిస్టర్. డాక్టరుగారితో మాట్లాడందే ఇది వెయ్యొద్దు." పెద్ద డాక్టరు పక్క వార్డులో ఉన్నాడు. వచ్చాడు గానీ చిరాగ్గా వచ్చాడు.

"జ్వరం దిగుతోంది, కాలు వాపు తీస్తోంది. పనిచేస్తున్న మందును ఎందుకు ఆపమంటావు?"

"పనిచేస్తోంది సార్. కానీ కిడ్నీని కూడా కొడుతోంది. మోతాదు డెబ్బై కిలోలకు లెక్కేశాం, మనిషి యాభై మూడే. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ వచ్చినరోజు ఒకటి, ఇవాళ పొద్దున ఒకటి పాయింట్ తొమ్మిది. నిన్నటి నుంచి మూత్రం కూడా సరిగ్గా లేదు."

పెద్దాయన ముందు, సిస్టర్ల ముందు, గొంతు పెంచకుండా, ఒక్క అడుగు వెనక్కి వెయ్యకుండా నిలబడింది ఆ పిల్ల. జేబు మాత్రం ఇంకా ఒత్తిపట్టుకునే ఉంది. డాక్టరు కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. చిరాకు దిగిపోయింది. "ఆపేద్దాం. ఇంకో రకం రాస్తాను. బరువు సంగతి నా కంటికైనా ఆనాల్సింది" అన్నాడు. తర్వాత కాజాలక్క వైపు తిరిగి, "ఇంకేమైనా వేస్తున్నారా అమ్మా? నొప్పి బిళ్ళల్లాంటివి?" అని అడిగాడు.

చేతిసంచీ ఆవిడ ఒళ్ళోనే ఉంది. ఇంతమంది ముందు ఇప్పటికే ఒకసారి తల కొట్టేసినట్టయింది. ఇంకోసారా?

"లేదండీ" అంది.

వాళ్ళు కదిలిపోయారు. మాస్టారు కళ్ళు తెరిచి చెయ్యి చాపాడు. "నడుం పట్టేసిందే. ఆ బిళ్ళ ఇటియ్యి."

డబ్బా తీసింది. మూత తీసింది. తెల్ల గుండీల మధ్య తెల్ల బిళ్ళలు. ఒకటి వేళ్ళ మధ్యకు వచ్చింది. ఆ చాచిన చెయ్యి కొద్దిగా ఉబ్బి ఉండటం అప్పుడు చూసింది ఆవిడ. ఆ మణికట్టు ఎంతో ఆవిడకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇది ఆ కొలత కాదు.

డబ్బా మూత పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి పరిగెత్తింది. ఆ అమ్మాయి మెట్ల దగ్గరుంది. కాజాలక్క డబ్బా ఆమె చేతిలో పెట్టేసింది.

"అబద్ధం చెప్పానమ్మా. ఇంట్లో రోజుకు రెండు. ఇక్కడికొచ్చాక మూడు. నేనే వేశాను, నా చేత్తో. బరువు కూడా కావాలనే ఎక్కువ చెప్పాను. ఎక్కువ మందు పడితే మంచిదనుకున్నాను." అని గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

ఆ అమ్మాయి తిట్టలేదు. డబ్బా తెరిచి, గుండీల్లోంచి ఒక బిళ్ళను తీసి, దాని మీది అక్షరాలు చదివింది. వరండా బల్ల మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి తనూ కూర్చుంది.

"మీరు పరిగెత్తుకొచ్చి చెప్పారు చూడండి, అదే పెద్ద మేలు. ఒంట్లో చీము, జ్వరం ఉన్నప్పుడు కిడ్నీలు ఎలాగూ నీరసంగా ఉంటాయి. ఈ నొప్పి బిళ్ళలు వాటికి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. దాని మీద ఆ ఇంజెక్షను. మూడూ కలిసి పడ్డాయి."

"మా కొట్లో వేలెడు ఎక్కువ ఉంచుతామమ్మా. అదే అలవాటు."

"మీ బట్టలో ఎక్కువైంది లోపల మడతలో ఊరికే పడుంటుంది పిన్నిగారూ. మందు అలా పడుండదు. ఆ ఇంజెక్షను ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీ గుండానే. ఎక్కువైతే ఆ కిడ్నీనే దెబ్బతీస్తుంది. అది దెబ్బతింటే మందు ఇంకా లోపలే నిలిచిపోతుంది."

"ఆయన బతుకుతాడా?"

"చాలామందికి కిడ్నీ తిరిగి కోలుకుంటుంది. తప్పకుండా అని నేను మాటివ్వలేను, కానీ వేళకే పట్టుకున్నాం. ఇప్పుడు మీకో పని చెబుతాను, చేస్తారా?"

పనేమిటంటే, గీతలున్న ఒక ప్లాస్టిక్ గ్లాసు. మాస్టారు మూత్రం పోసినప్పుడల్లా కొలిచి రాయాలి. "ఈ కొలత నాకు, డాక్టరుగారికి చాలా ముఖ్యం. దీంట్లో మాత్రం వేలెడు కలపకండి" అంది ఆ అమ్మాయి, కొద్దిగా నవ్వుతూ.

కాజాలక్కకు రాయడానికి ఒక్క పుస్తకమే తెలుసు. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన "మాస్టారు" అని రాసింది. కింద చొక్కా, ప్యాంటు అని రాసే చోట తేదీ, గంట వేసింది. మొదటి అంకె అరవై. తర్వాత యాభై అయిదు. గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, గీత కళ్ళకు సమంగా వచ్చేదాకా చూసి మరీ రాసేది. మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని, "నా పరువు మిల్లీలీటర్లలో తీస్తున్నావే" అని గొణిగేవాడు. ఆ గొణుగుడు కూడా వినాలనే ఉండేది ఆవిడకు.

క్రియాటినిన్ మర్నాటికి రెండు పాయింట్ ఆరు. ఆ మర్నాటికి మూడు పాయింట్ రెండు. డాక్టరు గొంతు తగ్గించి, "సాయంత్రం దాకా చూద్దాం. మూత్రం పెరక్కపోతే డయాలిసిస్ మీద పెట్టాల్సి రావచ్చు" అన్నాడు. ఆ మాట కాజాలక్క చెవిన పడింది. మూత్రం పెరిగితే డయాలిసిస్ అక్కర్లేదు. పెరిగిందని చెప్పేది ఎవరు? ఈ పుస్తకం. పుస్తకంలో రాసేది ఎవరు?

మధ్యాహ్నం మూడింటికి గ్లాసులో నలభై.

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. దాని ముందు ఒక్క ఒకటి వేస్తే నూట నలభై అవుతుంది. ఎవరు చూడొచ్చారు? గ్లాసు కడిగేస్తే అయిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా వేలెడు కలిపిన చెయ్యి ఆ అంకె వేద్దామని లాగుతూనే ఉంది. మొగుడి మొహం కేసి చూసింది. ఆ కొలత తన కోసం కాదు, ఆయన కోసం అని నోట్లోనే అనుకుంది. నలభై అని రాసింది. రాసి, పుస్తకం మూసి, కొంగు మొహానికి కప్పుకుంది.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి పుస్తకం తీసుకెళ్ళి డాక్టరుకు చూపించింది. సెలైన్ చుక్కల వేగం మార్చారు, ఏదో ఇంజెక్షను ఇచ్చారు, డయాలిసిస్ సంగతి పొద్దున చూద్దామన్నారు. ఎందుకో కాజాలక్క అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

మర్నాడు తెల్లవారాక తొమ్మిదింటికి నూట ఎనభై. గీత దగ్గర మూడుసార్లు చూసుకుంది. మధ్యాహ్నానికి రెండు వందల యాభై. సాయంత్రం గ్లాసు చాల్లేదు, రెండోసారి పట్టాల్సి వచ్చింది. గ్లాసు పట్టుకుని వార్డు మధ్యలో నిలబడి కాజాలక్క గట్టిగా నవ్వేసింది. సిస్టరూ నవ్వింది, పక్క మంచం ఆవిడా నవ్వింది.

"పెళ్ళినాడు కూడా నన్ను చూసి ఇంత మురవలేదు ఈవిడ. ఇప్పుడు నా ఉచ్చ చూసి మురిసిపోతోంది" అన్నాడు మాస్టారు పైకప్పుతో.

"మురుస్తాను. ఏం, నా ఇష్టం" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

క్రియాటినిన్ మూడు పాయింట్ రెండు నుంచి రెండు పాయింట్ ఎనిమిదైంది, రెండైంది, ఒకటిన్నరైంది. కొత్త మందుకు కాలు కూడా మానింది. ఇంటికి పంపేరోజు కాగితాలు రావడానికి గంటలు పట్టింది. అన్ని ఆస్పత్రుల్లోనూ అంతే కదా. ఆ అమ్మాయి మంచం దగ్గరకొచ్చి, నొప్పి బిళ్ళలు ఇక జన్మలో ముట్టొద్దనీ, నడుము నొప్పికి ఏది కావాలన్నా అడిగి వేసుకోమనీ, గంటకోసారి మిషను మీంచి లేచి నాలుగడుగులు వెయ్యమనీ చెబుతోంది. కాజాలక్క సగమే వింటోంది. చెయ్యి చాపి "ఆ కోటు విప్పమ్మా" అంది. ఆ పిల్ల తెల్లబోయి విప్పింది. సంచీలోంచి సూదీ దారం తీసి, చిరిగిన జేబు మూలకు లోపల చిన్న గుడ్డముక్క వేసి, పది నిమిషాల్లో కుట్టేసింది. లెక్కలమిషను అందులో వేసి కోటును దులిపి చూసింది. పడలేదు.

"నీ గురించి చెడ్డమాట అన్నానమ్మా. కాగితాలు తిప్పడానికి జీతమా అన్నాను. నా నోరు మంచిది కాదు. నువ్వు ఆ రోజు ఆగి చూడకపోతే నా ఇల్లు ఏమయ్యేదో. చల్లగా ఉండు తల్లీ."

"తప్పు మీ ఒక్కరిదే కాదు పిన్నిగారూ. మేం అడిగి రాసుకున్నాం, తూచి రాసుకోలేదు. ఇప్పుడు ఆ కాగితం మార్చారు. బరువు పక్కన 'తూచినదా, చెప్పినదా' అని గడి పెట్టారు. చెప్పినది అయితే నాకు కబురొస్తుంది." ఆ పిల్ల కోటు తొడుక్కుని, రెండు చేతులూ ఊపుకుంటూ వెళ్ళిపోయింది. జేబు పట్టుకోవాల్సిన పని లేదు మరి.

ఆరునెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయే కొట్టుకొచ్చింది. కొత్త కోటు కుట్టించుకోవాలట. కాజాలక్క చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. కుర్చీ తుడిచింది, మంచినీళ్ళిచ్చింది, మాస్టారిని మిషను మీంచి లేపి, "చూడు, క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి, పోయిన వారం చేయించాం" అని బడిపిల్లాడి మార్కులు చెప్పినట్టు చెప్పింది. గుండీల డబ్బా తెరిచి చూపించింది. గుండీలు తప్ప ఏమీ లేవు.

మాస్టారు పెన్ను తీశాడు. కాజాలక్క టేపు తీసింది. ఆ అమ్మాయి ఖాళీ పేజీ కోసం పుస్తకం తిప్పుతుంటే, "మాస్టారు" అని ఉన్న పేజీ వచ్చింది. అరవై, యాభై అయిదు, కింద చిన్న అంకెలతో నలభై.

"ఇది చింపెయ్యలేదా పిన్నిగారూ?"

"ఎందుకు చింపుతానమ్మా. మా ఆయన్ని నువ్వు నిలబెట్టిన పేజీ అది."

ఆ అమ్మాయి వేలు నలభై మీద ఆగింది.

"నేను కాదు. మీకు ఎవరూ చెప్పలేదనుకుంటా. ఆ సాయంత్రం ఈ నలభై చూసే డాక్టరుగారు సెలైన్ తగ్గించేశారు. నూరో నూటయాభయ్యో ఉంటే మూత్రం వస్తోందని ఇంకో రెండు సీసాలు ఎక్కించేవాళ్ళు. బయటికి పోని నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరేవి. బాబాయిగారు ఆ రోజు తట్టుకునేవారు కాదు. ఆ రోజు మీరు సరిగ్గా రాశారు. దానికి థాంక్స్ చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను."

ఇన్నాళ్ళూ కాజాలక్క అందరికీ దండం పెడుతూనే ఉంది, డాక్టరుకు, సిస్టరుకు, ఈ పిల్లకు. తనకు కూడా ఒకరు కృతజ్ఞత చెబుతారని ఎన్నడూ అనుకోలేదు. మొగుడి కేసి చూసింది. ఆయనకు ఆ నలభై సంగతి, పెన్ను పట్టుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నం సంగతి ఏమీ తెలియదు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఏమైందన్నట్టు చూస్తున్నాడు. బతికి ఉన్నాడు. అంతే చాలు.

టేపును ఆ అమ్మాయి భుజం మీద పరిచింది.

"రాయండి. భుజం పద్నాలుగున్నర."

"వేలెడు కలపనా?" అన్నాడు మాస్టారు.

"వద్దు" అంది కాజాలక్క. "ఎంతుందో అంతే రాయండి."